వంటింటి గోడలో మూసిన గూడు

మా బంధువుల్లో ఎవరికైనా గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అంటే ముందుగా నవ్వేది నేనే. మా చిన్నత్తకు జ్వరం తగ్గలేదని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతుంటే, దారిలో ఆటో ఆపించి ఆసుపత్రికి మళ్లించింది కూడా నేనే. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నేనేమీ మారలేదు. ఇది ఎవరినో భయపెట్టడానికి రాస్తున్నదీ కాదు. నాకే భయం వేయలేదు. జరిగింది చీకట్లో కాదు, పట్టపగలు, నేను వంట చేసుకుంటున్నప్పుడు.

కళ్యాణదుర్గంలో ఒక బడికి బదిలీ మీద వెళ్లాను. మాది శింగనమల వైపు. పెద్ద చెరువు పక్కన పెరిగినదాన్ని కాబట్టి అక్కడ దిగిన మొదటి వారమంతా నా కళ్లు నీళ్ల కోసమే వెతికాయి. ఎటు చూసినా ఎర్ర నేల, చెనక్కాయ, అంటే వేరుశనగ చేన్లు, దుమ్ము లేపే గాలి. ఇల్లు చూడటానికి పోయిన ప్రతి చోటా మా ఆయన మొదట అడిగింది ఒకటే, కొళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందని.

పాత ఊళ్లో మాకు దొరికింది చౌడు మిద్దె. దూలాల మీద రాతి బండలు పరిచి, వాటి మీద చౌడు మట్టి మందంగా పోసిన పైకప్పు. ఎండాకాలంలో ఆ ఇంట్లో ఫ్యాను లేకపోయినా గడుస్తుంది. బడికి దగ్గర, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడిగా ఇంత వండుకుని తిని పోవచ్చు. అదే చూసుకుని చేరిపోయాం.

చేరాక గానీ ఆ ఇంటి వింత గమనించలేదు. నడిమింటి పడసాల విశాలంగా మొదలై, ఉన్నట్టుండి ఒక గోడకు తగిలి ఆగిపోతుంది. టేకు స్తంభాలు రెండే ఉన్నాయి. వాటి జత స్తంభాలు గోడ అవతల ఉండిపోయాయి. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాక్షి సరిగ్గా సగానికి తెగిపోయి ఉంది. ఒకప్పుడు ఒకటే ఇల్లు, మధ్యలో గోడ పెట్టి రెండు చేశారని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రెండో సగం తాళం వేసి ఉండేది. అందులో ఎవరూ ఉండరని వీధిలో అందరికీ తెలుసు.

మా సగానికి యజమాని రత్నమ్మ. డెబ్భై దాటిన మనిషి. వీధి చివర కూతురు పద్మ కట్టుకున్న సిమెంటు మిద్దెలో ఉండేది. మాట కరుకు. పెరట్లోని కరివేపాకు చెట్టు ఆమె పెట్టింది. రెండు రోజులకొకసారి వచ్చి నాలుగు రెమ్మలు తుంచుకుని, "ఏమ్ టీచరమ్మా, చెట్టుకు నీళ్లు పోస్తాండావా, నువ్వే తాగేస్తాండావా?" అని అడిగి పోయేది. వంటింటి గడప దాకా వచ్చేది. లోపలికి రమ్మంటే మాత్రం ఏదో పని ఉన్నట్టు వెనక్కి తిరిగేది. పెద్దవాళ్లకు ఎవరి పట్టింపులు వాళ్లకుంటాయని నేనూ పట్టించుకోలేదు.

ఆ చప్పుడు మొదట విన్నప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఇత్తడి లోటాతో గోడను మెల్లగా తట్టినట్టు. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, కాస్త ఆగి ఇంకొకటి. గోడ అవతలి నుంచి. ఎలాంటి గడబిడా లేదు. పక్కింటామె "ఉన్నావా?" అని పలకరించినట్టుంది. నేను కూడా ఏమీ ఆలోచించకుండా "ఆఁ" అనేశాను. అన్న తర్వాతే గుర్తొచ్చింది, అటుపక్క ఎవరూ లేరని.

రోజూ వచ్చేది కాదు. వచ్చినప్పుడు మాత్రం మిట్టమధ్యాహ్నమే, నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడే. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషి. పాత మట్టిగోడలు ఎండకు చిటపటలాడతాయని మొదట కొట్టిపారేశాడు. ఒక ఆదివారం తనూ విన్నాడు. గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "ఇది పగిలే చప్పుడు కాదు" అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరం వెనక సందులోంచి అటుపక్కకు పోయి చూశాం. పెరటి తలుపు ఎప్పుడో ఊడి పడిపోయింది. లోపలంతా సర్కారు కంప ముళ్లపొదలు పెరిగి అడుగు పెట్టే సందు లేదు. మిద్దె కూలిపోయింది. మా వంటింటి గోడకు అవతల, పైనుంచి జారిన చౌడు మట్టి మనిషెత్తున కుప్ప పడి ఉంది. ఆ గోడను అటునుంచి ఎవరైనా తట్టాలంటే ముందు ఆ కుప్ప తవ్వాలి. కుప్ప మీద గడ్డి కూడా మొలిచి ఎండింది. ఎవరూ కదిలించిన గుర్తు లేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా అత్తగారు కొన్నాళ్లు ఉండి పోదామని వచ్చారు. ఈ విషయం ఆమెకు మేమేమీ చెప్పలేదు. నేను బట్టలు ఆరేస్తుంటే వంటింట్లోంచి కేకేశారు: "ఏమ్మా, పక్కింటామె పిలుస్తాంది చూడు. పాపం ఎంతసేపటి నుంచో గోడ కొడతాంది."

ఇక ఇంటామెను అడగడమే మంచిదనుకున్నాను. రత్నమ్మ కరివేపాకు కోసుకుని గడప దగ్గరకు వచ్చినప్పుడు అడిగాను.

"అవ్వా, ఆ పక్క ఎవరన్నా తిరుగుతాంటారా?"

"ఆడ ఎవరుంటారమ్మా. పాములుంటాయి."

"ఈ గోడ మీద ఎవరో తట్టినట్టు ఇనపడతాంది."

"ఎలుకలులే."

"ఎలుకలు ఇట్ల కొడతాయా?" అని చేతిలో ఉన్న గరిటెతో తలుపు చెక్క మీద తట్టి చూపించాను. రెండు దగ్గరదగ్గరగా, ఆగి ఇంకొకటి.

ఎవరినీ గడప మీద కూర్చోనివ్వని మనిషి, అదే గడప మీద కూలబడిపోయింది.

"ఇంగోసారి కొట్టు" అంది. కొట్టాను.

"ఎప్పుడు ఇనపడతాది?"

"మధ్యాన్నం. అన్నం వండేటప్పుడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అది మా వన్నూరమ్మ" అంది.

ఆ రోజు ఆమె చెప్పింది ఇది.

వన్నూరమ్మ ఆమె చెల్లెలు. బెళుగుప్ప దగ్గర పల్లెలో పుట్టిన అక్కచెల్లెళ్లిద్దరినీ ఈ ఇంటి అన్నదమ్ములకే ఇచ్చారు. ఇల్లు కట్టించింది వాళ్ల మామ. చెనక్కాయల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. ఆ వీధిలో టేకు స్తంభాల ఇల్లు అదొక్కటే. మామ బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఒకటే పొయ్యి. అక్క పప్పు ఎనిపితే చెల్లెలు సంగటి కెలికేది. వంటింటికీ, పక్కనున్న సామాన్ల గదికీ మధ్య గోడలో ఒక గూడు ఉండేది. చేయి అటు నుంచి ఇటు దూరేటంత గూడు. లోపలి నుంచి గింజలో బెల్లమో కావాలంటే గడప దాటే పని లేకుండా అందులోంచే అందుకునేవాళ్లు.

మామ పోయాక వానలు వరసగా తప్పాయి. అన్నదమ్ములిద్దరూ ఎవరి చేన్లో వాళ్లు బోర్లు వేయించారు. పెద్దాయన ఎర్రిస్వామి, అంటే రత్నమ్మ భర్త, ఆయన బోరులో నీళ్లు పడ్డాయి. చిన్నాయన తిప్పేస్వామి ఎన్నిచోట్ల వేయించినా దుమ్మే లేచింది. చేను కాయ పట్టే సమయానికి తమ్ముడొచ్చి ఒక్క తడికి నీళ్లిమ్మని అడిగాడు. నా చేనికే చాలవన్నాడు అన్న. తమ్ముడి చేను నిలువునా ఎండిపోయింది. ఆ మాటా ఈ మాటా పెరిగి, కొట్టుకునే దాకా పోయి, చివరకు నడిమింట్లో గోడ లేచింది. సామాన్ల గది తమ్ముడి వాళ్లకు వంటిల్లు అయింది.

గూడు సంగతి మగవాళ్లకు తట్టనే లేదు. వంటింట్లో ఏ మూల ఏముందో వాళ్లెప్పుడు చూశారు గనక! భర్తలు చేన్లకు పోయాక చెల్లెలు లోటాతో గోడ తట్టేది. రెండు, ఆగి ఒకటి. అక్క చేసిన కూర అటు పోయేది, చెల్లెలు నూరిన ఊరిబిండి పచ్చడి ఇటు వచ్చేది. కాసేపు మాటలు. అలా కొన్నాళ్లు నడిచింది. ఒకరోజు ఎర్రిస్వామి ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చాడు.

ఆ తర్వాతిది ఆమె మాటల్లోనే చెబుతాను. నేను మార్చి చెప్పలేను.

"మా ఆయప్ప అరిసేది తిట్టేది ఏమీ చేయలేదు. పద్మను పిలిసినాడు. అప్పుడది చిన్నబిడ్డ. దాని తలకాయ మీద నా చెయ్యి పెట్టిచ్చినాడు. ఇంగ ఆ యింటోళ్లతో పలకనని చెప్పు అన్న్యాడు. చెప్పినాను. గూడు కూడా నువ్వే మూయి అన్న్యాడు. రాళ్లు పెట్టి, ఎర్రమన్ను పిసికి, నేనే మెత్తినాను. ఆ పక్క అది నిలబడుకోనుండాది. అక్కా, ఏం చేస్తాండావక్కా అంటాంది. నేను మెత్తుతానే ఉండా. దాని మొగం కనపడనంత వరకూ మెత్తినా."

గూడు మూసినా తట్టడం ఆగలేదట. రోజూ మధ్యాహ్నం తట్టేది. రత్నమ్మ పొయ్యి ముందు కూర్చుని వినేది. బిడ్డ తల మీద ఒట్టు. పలికితే బిడ్డకేమవుతుందోనని భయం. ఏడాది తిరిగినా అంతే.

"ఒగ దినం మధ్యాన్నం ఎప్పటి మాదిరే కొట్టింది. ఇన్నాను. సాయంత్రం జీపులో దాన్ని తెచ్చి ఆ గడప ముందర దించినారు. కామెర్లంట. అనంతపురం ఆసుపత్రిలో పెట్టి నాలుగు దినాలాయనంట. నాకెవురు చెప్తారు? పొద్దున్నే పానం పోయిందంట. మరి మధ్యాన్నం కొట్టిందెవరమ్మా?"

చావుకు పగ లేదని భర్తే పోయి చూడమన్నాడు. వీధిలోంచి నాలుగడుగులు వేస్తే ఆ గడప. "అది బతికుండంగా ఆ నాలుగడుగులు ఏయలేకపోతిని" అంది.

తర్వాత తిప్పేస్వామి పిల్లల్ని తీసుకుని ధర్మవరం పోయి పట్టుచీరల వ్యాపారంలో పడ్డాడు. ఆ సగం ఇల్లు ఎవరికీ పట్టలేదు. వానలకు నాని, ఎండకు బీటలిచ్చి కూలింది. రత్నమ్మ ఆ రోజు నుంచి ఈ వంటింట్లో అడుగు పెట్టలేదు. పెరటి వసారాలో పొయ్యి పెట్టుకుంది. భర్త పోయాక కూతురి దగ్గరకు చేరింది. మాకు ముందున్న అద్దెవాళ్లు కూడా వసారాలోనే వండుకునేవాళ్లట.

మర్నాడు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె మా వాకిట్లో ఉంది. నా వెనకే వచ్చి, గడప దాటి, వంటింట్లో గోడకు ఎదురుగా కూర్చుంది. నేను బియ్యం కడుగుతున్నాను. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. ఎప్పటికన్నా స్పష్టంగా. నేను ఆమె మొహం చూశాను.

ఆమె గోడ వైపే చూస్తోంది. "ఇంగా లేదే" అంది.

"ఇప్పుడే వచ్చింది కదవ్వా."

"నాకినపల్లేదే."

మళ్లీ వచ్చింది. "ఇదిగో" అన్నాను. ఆమె లేచి గోడకు చెవి పెట్టింది. నేను పక్కనే అరచేయి ఆనించాను. నా చేతికి ఆ అదురు తెలుస్తోంది. ఆమె చేయి తీసి అదే చోట పెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చెవుడేమో అనుకోవడానికి లేదు. ఆ సమయంలోనే దూరంగా మెయిన్ రోడ్డు మీద ఎవరో ఉప్పమ్ముతూ అరుస్తుంటే, "ఉప్పాయన వచ్చినాడు, నీకేమన్నా కావాల్నా?" అని నన్నడిగింది.

అలా చాలా రోజులు వచ్చింది. చప్పుడు వచ్చినప్పుడల్లా చెప్పమనేది. నేను చెప్పేదాన్ని. చెప్పగానే తనూ లోటాతో ఇటునుంచి తట్టేది. "వన్నూరూ, నేనేమ్మే. అక్కను. ఈడే ఉండా" అనేది. అటునుంచి వచ్చేది మాత్రం ఆమె మాట విన్నట్టు ఉండేది కాదు. అదే తీరు, అదే నిదానం. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అసలు ఎందుకు చెప్పానా అని అప్పుడే మొదటిసారి అనిపించింది. అద్దెకున్న మనిషి అద్దెకున్నట్టు ఉంటే పోయేదేమో.

ఒక సాయంత్రం పద్మ వచ్చింది. కోపంగానే వచ్చింది.

"మా యమ్మకు లేనిపోనివి చెప్పినారు టీచర్. అన్నం తినేది ఇడిసిపెట్టింది. రేత్రంతా మా యింటి గోడ తడుముతాంటాది."

నేను ఏదీ దాచకుండా చెప్పాను. ఒట్టు సంగతి దగ్గరకొచ్చేసరికి ఆమె ఆగమంది. "నా తల మీద ఒట్టా? నాకు గుర్తే లేదే." చిన్నమ్మ ఎలా ఉండేదో కూడా తనకు జ్ఞాపకం లేదని, తన జడ పట్టుకుని ఎవరో నవ్వినట్టు ఒక్కటే గుర్తని చెప్పింది. వెళ్లేటప్పుడు కోపం లేదు.

ఆ ఆదివారం తల్లిని తనే వెంటబెట్టుకుని వచ్చింది. వంటింట్లో గోడ ముందు నిలబెట్టి, తల్లి చేయి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"ఒట్టు నా తల మీదే కదమ్మా. నేనే చెప్తాండా. నాకేమీ కాదు. తీయ్."

మా ఆయన సుత్తీ ఉలీ తెచ్చాడు. తను తీస్తానంటే రత్నమ్మ ఒప్పుకోలేదు. "మూసింది నేను. నేనే తీయాల" అంది. సున్నం పూత కింద గూడు ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. ఆమె వెతకను కూడా లేదు. నేరుగా చేయి పెట్టింది. ఆ చోటే నా అరచేతికి అదురు తెలిసిన చోటు.

గోడ చాలా మందం. రాళ్లు పెట్టి నిండా మెత్తానంది కాబట్టి చాలాసేపు పడుతుందనుకున్నాం. మొదటి దెబ్బకే ఉలి లోపలికి దిగిపోయింది. ఎర్రమట్టి పెళ్ల ఊడి పడింది. ఆ కంతలోంచి బూడిద రంగు చౌడు మట్టి జలజలా కారి, బండల మీద కుప్పయింది. అవతల కూలిన మిద్దె మట్టి. అది ఆగాక రత్నమ్మ లోపల చేయి పెట్టి తడిమింది. తర్వాత మా ఆయన టార్చి వేస్తే అందరం చూశాం.

గూట్లో ఆమె పెట్టిన రాళ్లు ఒక్కటీ లేవు. అటునుంచి ఎవరో ఒక్కొక్కటే పీకేశారు. మట్టిని గీకేశారు. గోడ పక్కల్లో గరిటె కాడతో గీసినట్టు గీతలు, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని. ఇటువైపు మాత్రం వేలెడు మందం మట్టి మిగిలింది. ఒక్క పోటు పొడిస్తే విరిగిపోయే పొర. ఆ మట్టి కుప్ప పడ్డాక అటునుంచి ఎవరూ గీకడానికి లేదు. కాబట్టి అది వన్నూరమ్మ బతికున్నప్పటి పనే. అందులో వింతేమీ లేదు.

"ఇంత దూరం గీకి, ఇదొక్కటీ ఎందుకు ఇడిసిపెట్టింది?" అని పద్మ అడిగింది.

రత్నమ్మ ఆ పెళ్లను చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుంది. "అది పొడవదు. నేను మూసినా కదా. నేనే తీస్తానని చూసింటాది" అంది.



ఆ రోజు నుంచి చప్పుడు లేదు. ఒక్కసారి కూడా రాలేదు. లోపల డొల్లగా ఉన్న గోడ, అవతల పొడి మట్టి, ఎండకు అది కొంచెం కొంచెం జారుతూ చప్పుడు చేసి ఉంటుందని మా ఆయన అంటాడు. కావచ్చు. అలాగైతే రెండు, ఆగి ఒకటి ఎందుకో, మధ్యాహ్నం పూటే ఎందుకో ఆయనా చెప్పలేడు. అత్తగారికి ముందే తెలిసినట్టు పక్కింటామె పిలుస్తోందని ఎందుకనిపించిందో ఆమె కూడా చెప్పలేకపోయారు. శవం ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం రత్నమ్మ విన్నదేమిటో, దానికి నేను సాక్ష్యం కాదు. కానీ ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

తర్వాత కూడా రత్నమ్మ కొన్నాళ్లు మధ్యాహ్నం వచ్చి ఆ గూడు ముందు కూర్చునేది. "ఇనపడతాందా?" అని అడిగేది. లేదవ్వా అనేదాన్ని. ఒకరోజు ఉందని అబద్ధం చెబుదామా అని కూడా అనుకున్నాను. చెప్పలేకపోయాను.

ఆఖరిసారి వచ్చినప్పుడు, లేచేటప్పుడు అడిగింది.

"నీకినపడింది. మీ ఆయప్పకు ఇనపడింది. యాడనుంచో వచ్చిన మీ అత్తకు ఇనపడింది. అది పిలిసింది నన్ను కదా టీచరమ్మా. నాకెందుకు ఇనపల్లేదు?"

నేను ఆమె చేయి పట్టుకుని గడప దాటించాను, అంతే. కొన్నాళ్లకు మాకు మళ్లీ బదిలీ అయింది. మేము వెళ్లిపోయిన ఏడాదికి ఆమె పోయిందని పద్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె అలా అడిగిన రోజు నేను ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. ఏం చెప్పి ఉంటే ఆమెకు సరిపోయేదో ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు.